కందిరీగ గూడు కనిపిస్తే: ఏ రకమో పోల్చుకోవడం, ఏం చేయాలో తేల్చుకోవడం

చూరు కింద గూడు కనబడగానే కాగడా వెతకడం మన ఊళ్లలో పాత అలవాటు. ఎక్కువ ప్రమాదాలు అక్కడే మొదలవుతాయి. ముందు గూడు ఏ తీరుగా ఉందో చూడాలి, తర్వాత పురుగును పోల్చుకోవాలి, ఆ తర్వాతే చెయ్యి కదపాలి. కందిరీగ అని ఒకే పేరు పెట్టి పిలిచేవాటిలో మనిషి జోలికే రానివి ఉన్నాయి, గూడు కదిలితే గుంపుగా వెంటపడేవీ ఉన్నాయి.

గూడు చూస్తే సగం తెలుస్తుంది

కనీసం ఐదారు మీటర్ల దూరంలో నిలబడండి. అవి వచ్చిపోయే దారికి ఎదురుగా కాకుండా పక్కగా ఉండండి. ఫోన్‌లో జూమ్ చేసి, ఫ్లాష్ లేకుండా ఫొటో తీయండి.

గోడ మూలన, కిటికీ చట్రం మీద గట్టిపడిన మట్టి గూడు ఉంటే అది సన్న నడుము ఉన్న ఒంటరి కందిరీగది. సాలీళ్లను పట్టుకొచ్చి అందులో పిల్లల కోసం దాస్తుంది. గుంపు ఉండదు, గూటికి కాపలా ఉండదు. వదిలేయండి.

తిరగేసిన గొడుగులా, గదులు బయటికే కనబడేలా కాగితంతో చేసినట్టు వేలాడే చిన్న గూడు పొడుగు కాళ్ల కందిరీగలది. కాళ్లు వేలాడేసుకుని ఎగురుతాయి. గూడు తగిలితేనే కుడతాయి. కూరగాయల పాదుల్లో గొంగళి పురుగులను ఇవి ఏరి తింటాయి కనుక, చెయ్యి తగలని చోట ఉంటే ఉంచడమే మేలు.

చారలు చారలుగా ఉన్న కాగితపు పెంకు చుట్టూ కప్పేసి, ఒకే రంధ్రం ఉన్న బంతిలాంటి గూడు పెద్ద కందిరీగలది. దీని దగ్గరే జాగ్రత్త పడాలి. పెంకు ఏమీ లేకుండా నేల కన్నంలోంచో, పాత పుట్టలోంచో, గోడ సందులోంచో ఎర్రటి పెద్ద ఈగలు వరసగా వచ్చిపోతుంటే అదీ ఈ కోవలోదే. గూడంతా లోపల ఉంటుంది, బయట కనిపించేది ద్వారం మాత్రమే.

ఎత్తైన చెట్టుకో, నీళ్ల ట్యాంకు కిందో వేలాడే పెద్ద ఒంటి పట్టు, దాని మీద దట్టంగా పరుచుకున్న ఈగలు కనిపిస్తే అవి కొండ తేనెటీగలు. కందిరీగలు కావు. అవీ గుంపుగా తరుముతాయి, కానీ వాటి సంగతి తేనె తీసేవాళ్లకు వదలాలి.

నడుము నుంచి పట్టీలు లెక్కపెట్టండి

రంగు ఒక్కదాన్నే నమ్మితే పొరబడతారు. చచ్చిన పురుగులో పసుపు మాసిపోతుంది. నడుము దగ్గర మొదలుపెట్టి వెనక్కి పొట్ట మీద ఎన్నో పట్టీ పసుపుగా ఉందో చూడండి.

ఒళ్లంతా ఇటుక రంగు, ముఖం పసుపు, పొట్ట వెనక భాగంలో మూడు, నాలుగో పట్టీలు కలిసి ఒక వెడల్పాటి పసుపు పట్టీగా ఉంటే ఓరియంటల్ హార్నెట్, అంటే వెస్పా ఓరియంటాలిస్. పనిచేసే ఈగ రెండు, రెండున్నర సెంటీమీటర్లుంటుంది. నేలలో, గోడల్లో గూడు పెట్టేది ముఖ్యంగా ఇదే. మిగతా పురుగులు నీడకు చేరే మిట్టమధ్యాహ్నం ఇది చురుగ్గా తిరుగుతుంది. ఆ పసుపు పట్టీలోని రంగు పదార్థం సూర్యకాంతిని పీల్చుకుంటుందని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2010లో చూపించారు. ఎండలో మందగిస్తుందిలే అనుకుని పగలు దగ్గరికి వెళ్లేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

నల్లటి ఒంటి మీద రెండో పట్టీ ఒక్కటే పసుపుగా, మొలతాడు కట్టినట్టు కనిపిస్తే వెస్పా ట్రోపికా. పొడుగు కాళ్ల కందిరీగల గూళ్ల మీద పడి వాటి పిల్లలను ఎత్తుకుపోతుంది. వసారాలో ఉన్న చిన్న గూడు ఉన్నట్టుండి ఖాళీ అయితే దీని పనే కావచ్చు.

నడుము వెంటనే ఉన్న మొదటి రెండు పట్టీలూ పసుపో నారింజో అయి, వెనకంతా నలుపైతే వెస్పా అఫినిస్. పొదల్లో, చెట్ల కొమ్మల్లో, చూరు కింద పెంకు గూడు కడుతుంది. గూటి విషయంలో దీనికి ఓర్పు చాలా తక్కువ. కొమ్మ నరికినా, కొబ్బరి చెట్టు ఎక్కినా ఆ కుదుపుకే బయటికొస్తుంది. చెట్టెక్కించే ముందు మట్టల మధ్య కింద నుంచి ఒకసారి పరికించి చూడడం కూలి మనిషికి మీరివ్వాల్సిన కనీస భద్రత.

ఈ మూడూ మన నేలవే.

ఉంచాలా, తీయించాలా

జనం నడిచే దారికి దూరంగా, ఎత్తులో ఉన్న గూడును కదపకండి. కింద ఒక హెచ్చరిక బోర్డు పెట్టండి, పిల్లలకు చెప్పండి. బడి ఆవరణలో, గుమ్మం దగ్గర, పశువుల పాకలో ఉన్నా, ఇంట్లో ఎవరికైనా కుట్టుడు పడని తత్వం ఉన్నా తీయించాల్సిందే.

గూడును మొదట రాణి ఒక్కతే కడుతుంది. నిమ్మకాయంత ఉన్నప్పుడు, దాని మీద ఒకే ఈగ ఉందని రెండు మూడు రోజులు గమనించి నిర్ధారించుకున్నాక, రాణి మేతకు వెళ్లిన సమయంలో పొడుగు కర్రతో రాల్చేయవచ్చు. కొన్ని వారాలు గడిచి పనిచేసే ఈగలు పుట్టాయంటే అది ఇంటివాళ్ల పని కాదు. కందిరీగల పని తెలిసిన పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలవండి, వాళ్లు వచ్చినప్పుడు ఇవి చూడండి:

పని చీకటి పడ్డాకే జరగాలి. ఈగలన్నీ గూట్లో ఉండేది అప్పుడే. పగలు చేస్తే మేతకెళ్లినవి తిరిగొచ్చి రెండు మూడు రోజులు అక్కడే తిరుగుతాయి. తెల్ల లైటు వేస్తే దాని మీదికే వస్తాయి, ఎర్ర లైటు వాడాలి. మామూలు తేనెటీగల సూటు పలచగా ఉంటే కొండి దిగుతుంది, కనుక లోపల మందపాటి బట్టలు, కళ్లకు అద్దాలు ఉండాలి. నేల కన్నమైతే ద్రవం పోయడం కంటే పొడి మందు ద్వారంలోకి ఊదడం మేలు. వచ్చిపోయే ప్రతి ఈగా కాళ్లకు పూసుకుని లోపలికి మోస్తుంది.

ద్వారాన్ని సిమెంటుతోనో బట్టతోనో మూసేయడం పెద్ద తప్పు. గోడ సందులో చిక్కిన ఈగలు ఇంకో వైపు కొరుక్కుని, ఒక్కోసారి పడగ్గదిలోకే వస్తాయి. పెట్రోలు, కిరోసిన్ పోసి అంటిస్తే ఇల్లు అంటుకునే ప్రమాదం, నేల పాడవడం అదనం. దోమల స్ప్రే అవి చచ్చేంత త్వరగా పనిచేయదు, రెచ్చగొట్టేంత త్వరగా మాత్రం పనిచేస్తుంది. మందు కొట్టిన గూట్లోని పురుగులను కోళ్లకు వేయకండి.

తేనె పెట్టెల దగ్గర

వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో గూళ్లు బాగా పెరిగి, పెట్టెల మీద దాడి ముదురుతుంది. మన దేశవాళీ తేనెటీగకు ఒక విద్య తెలుసు. చొరబడ్డ కందిరీగ చుట్టూ వందల ఈగలు ముద్దగా చేరి, రెక్కల కండరాలు ఆడించి లోపలి వేడిని 45 డిగ్రీలు దాటిస్తాయి. కందిరీగ చస్తుంది, ఈగలు బతుకుతాయి. ఇటాలియన్ ఈగలకు ఈ నేర్పు అంతగా లేదు, వాటి పెట్టెలకే మన సాయం ఎక్కువ కావాలి.

ద్వారం ఎత్తును 5.5 మిల్లీమీటర్లకు తగ్గించే పట్టీ బిగించండి. పనిచేసే ఈగ దూరుతుంది, కందిరీగ దూరలేదు. పోతుటీగలు ఇరుక్కుని దారి మూసుకుపోతుంటే రోజూ చూసి శుభ్రం చేయాలి. బలహీనమైన పెట్టెలను బలమైనవాటితో కలపండి, కందిరీగలు ముందు ఎంచుకునేది వాటినే. గుమ్మం ముందు గాలిలో నిలబడి కాపు కాసే ఒకటీ అరా కందిరీగలను బ్యాడ్మింటన్ రాకెట్‌తో కొట్టడం చూడటానికి చిన్న పనే, కానీ మొదటి రోజుల్లో రోజూ చేస్తే ఫలితం ఉంటుంది.

ఎరబుడ్డి కావాలంటే రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి తిరగేసి దూర్చండి. 200 మిల్లీలీటర్ల నీళ్లు, 50 గ్రాముల బెల్లం, 50 మిల్లీలీటర్ల వెనిగర్ కలిపి రెండు రోజులు పులియనిచ్చి పోయండి. పులిసిన కల్లు కూడా పనిచేస్తుంది. పులియని బెల్లం నీళ్లు పెడితే మీ తేనెటీగలే వచ్చి మునుగుతాయి, వెనిగర్ వేసేది అందుకే. పక్కల 5.5 మిల్లీమీటర్ల కన్నాలు పెడితే చిన్న పురుగులు బయటపడతాయి. వారానికోసారి చూసి, సీతాకోకచిలుకలే ఎక్కువ పడుతుంటే తీసేయండి.

ఇతర దేశాల్లో ఉన్నవారికి

అక్కడ లెక్క మారుతుంది. మన ఓరియంటల్ హార్నెట్ స్పెయిన్‌లో, చిలీలో బయటి నుంచి చొరబడ్డ పురుగు. ఈశాన్య భారతంలో, హిమాలయ ప్రాంతంలో సహజంగా ఉండే పసుపు కాళ్ల కందిరీగ, వెస్పా వెల్యుటినా, 2004లో ఫ్రాన్స్‌లో కనబడింది. బ్రిటన్‌లో 2016లో తేలింది, 2023లో అక్కడ 72 గూళ్లు దొరికాయి. అమెరికాలో 2023 ఆగస్టులో జార్జియాలోని సవానా దగ్గర పట్టుబడింది.

దాని ఛాతీ నల్లగా ఉంటుంది, పొట్ట ముదురు రంగులో, నాలుగో పట్టీ నారింజ పసుపుగా ఉంటుంది. కాళ్ల చివరలు పసుపు తొడుగు వేసినట్టుంటాయి. యూరప్ కందిరీగ దానికన్నా పెద్దది, ఛాతీ ఎర్రటి గోధుమ రంగు, పొట్ట ఎక్కువగా పసుపు, కాళ్లు ముదురు రంగు. బ్రిటన్‌లో అది స్థానికం, దాన్ని చంపకూడదు. గూటి ద్వారం పక్కకుంటే వెల్యుటినా, అడుగున ఉంటే యూరప్ కందిరీగ అయ్యే అవకాశం ఎక్కువ.

అనుమానం వస్తే గూడును మీరు తీయకండి, ఈగను తరమకండి. ఫొటో, తేదీ, చోటు, అది ఎగిరిపోయిన దిక్కు రాసుకుని పంపండి: బ్రిటన్‌లో ఏషియన్ హార్నెట్ వాచ్ యాప్‌కు, జార్జియాలో రాష్ట్ర వ్యవసాయ శాఖకు. ఎర దగ్గరికి వచ్చిన ఈగకు రంగు చుక్క పెట్టి, వెళ్లి తిరిగొచ్చే సమయాన్ని లెక్కగట్టి, నిమిషానికి సుమారు 100 మీటర్ల చొప్పున గూటి దూరాన్ని అంచనా కడతారు. మీరు గూడును చెదరగొడితే ఈ ఆనవాలు పోతుంది.

కుట్టినప్పుడు

ముందు అక్కణ్నుంచి వేగంగా దూరం వెళ్లండి. తల, ముఖం కప్పుకుని గదిలోకో కారులోకో చేరండి. నీళ్లలో దూకకండి. కందిరీగ కొండిని వదిలిపోదు, మళ్లీ మళ్లీ కుడుతుంది. సబ్బు నీళ్లతో కడిగి, బట్టలో చుట్టిన మంచు పదేసి నిమిషాలు పెట్టండి. చేతికి కుడితే వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీయండి. సున్నం, కిరోసిన్ రాయకండి, చర్మం పుండవుతుంది.

ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు, నాలుక వాపు, గురక లాంటి ఊపిరి, కళ్లు తిరగడం ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. వైద్యుడు ముందే రాసిచ్చిన ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ ఉంటే తొడ బయటి వైపు కండరానికి వెంటనే ఇవ్వండి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి. ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వండి.

పదుల సంఖ్యలో కుట్టినవాళ్లు బాగానే ఉన్నట్టు కనిపించినా ఆస్పత్రికి వెళ్లాలి. విషం కండరాలను కరిగించి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 2013లో చైనాలోని షాన్‌షీ రాష్ట్రంలో నలభై మందికి పైగా చనిపోయినప్పుడు చాలామంది విషయంలో జరిగింది ఇదే. తర్వాతి రెండు మూడు రోజుల్లో మూత్రం టీ డికాషన్ రంగుకు మారినా, తగ్గిపోయినా రక్తపరీక్ష కోసం అదే రోజు తిరిగి వెళ్లండి.