మన జ్ఞాపకాలు మనమే రాసుకుందాం – 4: కళ్లకు కట్టినట్టు గుర్తున్నవి

ఈసారి వాసనల గురించి చెబుతానన్నాను. కానీ మూడో పాఠం అభ్యాసానికి మీరు పంపిన పేజీలు చదివాక, ముందు వాటి సంగతి తేల్చక తప్పదనిపించింది. ఏదైనా పెద్ద వార్త మొదటిసారి విన్న క్షణాన్ని రాయమన్నాను కదా.

"ప్రతి సంక్రాంతికీ తాతగారింటికి వెళ్లేవాళ్లం" తరహాలో రాసినవాళ్లకు ఒక్క మాట చాలు. అది అలవాటు, సంఘటన కాదు. "ఆ సంక్రాంతికి వెళ్లాం" అని మొదలుపెట్టి చూడండి, మిగతాది కదులుతుంది.

అసలు చిక్కు చాలా బాగా రాసినవాళ్లతోనే వచ్చింది. ఒక పాఠకురాలు కల్పనా చావ్లా మరణవార్త విన్న క్షణం రాశారు. తొమ్మిదో తరగతి, లెక్కల పీరియడు, హెడ్మాస్టరుగారు తలుపు దగ్గర నిలబడి చెప్పడం, కిటికీ పక్కన కూర్చుని తను ఏడవడం. చదువుతుంటే నాకూ గొంతు పట్టేసింది. కానీ చావ్లా ఉన్న కొలంబియా అంతరిక్ష నౌక విచ్ఛిన్నమైంది 2003 ఫిబ్రవరి 1న, శనివారం. మనకప్పుడు రాత్రి ఏడున్నర. ఆ వేళకి లెక్కల పీరియడు ఉండదు. ఆ మాటే రాస్తే, "కిటికీ ఊచలు కూడా గుర్తున్నాయండీ" అని నొచ్చుకున్నారు.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. హెడ్మాస్టరుగారు సోమవారం వచ్చి చెప్పి ఉంటారు. ఏడుపూ నిజమే అయి ఉంటుంది. శనివారం రాత్రి ఇంట్లో విన్నది చెరిగిపోయి, సోమవారం వచ్చి ఆ చోట కూర్చుంది. రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టర్ గురించి రాసినవాళ్లలోనూ ఇదే చూశాను. ఆచూకీ లేదన్న వార్త 2009 సెప్టెంబరు 2న, శకలాలు కనబడింది 3న. చాలామంది రెండు రోజుల్నీ ఒకే సాయంత్రంలోకి మడిచేశారు.

"అంత స్పష్టంగా గుర్తుంది కాబట్టి అలాగే జరిగింది" అనే వాదన దగ్గరే నాకు ఓపిక తగ్గిపోతుంది. అందుకే దీన్ని కాస్త సాగదీసి చెబుతాను. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. మర్నాడే అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ అనే జ్ఞాపకశక్తి పరిశోధకులు ఆ వార్త ఎలా తెలిసిందో విద్యార్థుల చేత రాయించి దాచారు. సుమారు రెండున్నరేళ్ల తర్వాత 44 మందిని మళ్లీ అడిగితే, పావువంతు మంది చెప్పింది పాత కాగితంతో ఒక్క ముఖ్య విషయంలోనూ కలవలేదు. అయినా చాలామంది గట్టి నమ్మకంతోనే చెప్పారు. వాళ్ల చేతిరాతే చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు.

2001 సెప్టెంబరు 12న డ్యూక్ విశ్వవిద్యాలయంలో జెన్నిఫర్ తలరికో, డేవిడ్ రూబిన్ 54 మంది చేత రెండేసి జ్ఞాపకాలు రాయించారు. ఒకటి ముందురోజు అమెరికా మీద జరిగిన ఉగ్రవాద దాడుల వార్త విన్నది, రెండోది ఆ రోజుల్లోనే జరిగిన మామూలు సంఘటన. వారాలు గడిచేకొద్దీ రెండిట్లోనూ వివరాలు ఒకేలా మారిపోయాయి. మామూలు సంఘటన మీద నమ్మకం తగ్గింది, దాడుల జ్ఞాపకం మీద తగ్గలేదు.

దీనికి కారణం రెండో పాఠంలో చూసిన అమిగ్డాలాలో, అంటే మెదడులో భావోద్వేగాలకు స్పందించే చిన్న భాగంలో ఉంది. భయమో దుఃఖమో ముంచెత్తినప్పుడు ఒత్తిడి హార్మోన్ల ప్రభావంతో అది పక్కనే ఉండి కొత్త జ్ఞాపకాలను కూర్చే హిప్పోకాంపస్ అనే భాగం చేత గట్టిగా పని చేయిస్తుంది. నడిమధ్య విషయం లోతుగా నాటుకుంటుంది, అంచుల్లోని వివరాలకు ఆ పట్టు దొరకదు. పైగా జ్ఞాపకం ఒకచోట మొత్తంగా దాచి ఉండదు. దృశ్యం, గొంతు, చోటు మెదడు పైపొరలో వేర్వేరు చోట్ల ఉంటాయి, హిప్పోకాంపస్ వాటిని ముడివేస్తుంది. తలుచుకున్న ప్రతిసారీ మళ్లీ కూర్చుకోవాలి. దొరకని ముక్క స్థానంలో "ఇలాంటప్పుడు మామూలుగా జరిగేది" వచ్చి చేరుతుంది. భావావేశం మాత్రం తగ్గదు కాబట్టి మొత్తం అంతే నిజంగా అనిపిస్తుంది.

ఇక రాసే పద్ధతి. తారీఖుతో మొదలుపెట్టకండి. డచ్ మనస్తత్వ శాస్త్రవేత్త విల్లెం వాగెనార్ ఆరేళ్లపాటు తన సంఘటనలు రాసిపెట్టుకుని తనను తానే పరీక్షించుకున్నారు. "ఏం జరిగింది" అన్న ఆధారం అన్నిటికన్నా బాగా పనిచేసింది. "ఎప్పుడు" అన్నది ఒక్కటే ఇస్తే దాదాపు ఏమీ రాలేదు. నేనైతే మొదటి చిత్తు పూర్తయ్యేదాకా ఫొటో ఆల్బమ్ కూడా తెరవను, ఫొటోలో ఉన్నదే గుర్తున్నదైపోతుందని. రాయడం పెన్సిల్‌తోనే.

చిత్తు అయ్యాక ప్రతి వాక్యం పక్కన ఒక అక్షరం వేయండి. కళ్లారా చూసినదైతే "చూ", ఎవరో చెప్పగా విన్నదైతే "వి", తర్వాత టీవీలోనో పేపర్లోనో తెలిసిందైతే "త", అలా జరిగి ఉండాలి అనుకున్నదైతే "ఊ". తేల్చుకోలేకపోతే "ఊ" అనే వేయండి. దేన్నీ కొట్టేయొద్దు. పై పాఠకురాలి పేజీలో ఏడుపు "చూ", అదే మొదటిసారి వినడం అన్న వాక్యం "ఊ".

అభ్యాసం: మీకూ మీ అక్కకో తమ్ముడికో ఇద్దరికీ తెలిసిన ఒక రోజు ఎంచుకోండి. తలుచుకుంటే నిద్ర పట్టనివ్వని ప్రమాదాలు, హింస దీనికి వద్దు. అలాంటివి వైద్యుల సాయంతో మాట్లాడాల్సినవి. ఇద్దరూ ఒకరితో ఒకరు అనుకోకుండా విడివిడిగా చెరో రెండు పేజీలు రాసి, అక్షరాలు వేసి, కవర్లో పెట్టి అంటించి, పైన తారీఖు వేయండి. మూడు నెలలు ఆ రోజు ఊసు ఎత్తొద్దు. ఆ తర్వాత మళ్లీ రాసి, నాలుగు రాతప్రతులూ పక్కపక్కన పెట్టి, "చూ" వేసిన వాక్యాల్లో ఎన్ని మారాయో లెక్కపెట్టండి. ఐదో పాఠానికి మొదటి రెండు పేజీల నకలు మాత్రం దగ్గర పెట్టుకోండి. నకలు కవరు అంటించే ముందే తీసి ఉంచుకోవాలి, తర్వాత కవరు విప్పకూడదు.