చేతిలో అల్లిక, చెవిలో కథ, కాలికి నడక: మూడూ కుదరనప్పుడు ఏం చేయాలి

అల్లిక, ఆడియో పుస్తకం, వ్యాయామం మూడూ రోజూ ఉండాలనుకునేవారు ముందుగా చెప్పే మాట "టైము చాలడం లేదు" అని. టైము కన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది దేనికి దేన్ని జత చేయాలో తెలియకపోవడం. అల్లికకు చేతులు, పుస్తకానికి చెవులు, నడకకు కాళ్లు కావాలి కాబట్టి ఏ రెంటినైనా కలిపేయొచ్చని అనిపిస్తుంది. కానీ కుట్లు లెక్కపెట్టేది మనసులోని మాటతోనే, కథ వినేదీ దాంతోనే. లెక్క ఉన్న పనికి మాట ఉన్న వినోదాన్ని కలిపితే రెండూ చెడతాయి. కింద చెప్పిన ఇబ్బందుల్లో సగం అక్కడ పుట్టినవే. మిగతా సగం విశాఖ ఉక్కపోత వల్ల, కదలకుండా కూర్చోవడం వల్ల వచ్చేవి.

వింటూ అల్లితే కుట్లు తప్పుతున్నాయి, కథా గుర్తుండటం లేదు

ముందు మీ అల్లిక ఏ రకమో తేల్చుకోండి. కొన్ని అల్లికలు చూసి గుర్తుపట్టేవి. అల్లికలో మూలమైన కుట్లు రెండే: నిట్ కుట్టు 'వి' ఆకారంలో కనిపిస్తుంది, పర్ల్ కుట్టు మెడలో పూసలా ఉబ్బుగా ఉంటుంది. రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున వేసే పట్టీలో కింది వరస చూస్తే పైన ఏం వేయాలో తెలిసిపోతుంది, లెక్క అక్కర్లేదు. ఇలాంటివి వింటూ వేయొచ్చు. లేసు, జడల డిజైను, చంక దగ్గర కుట్ల తగ్గింపులు, టోపీ నడినెత్తి లాంటివి లెక్కపెట్టి వేయాల్సినవి. వీటి దగ్గర పుస్తకం ఆపేయాలి. పాటైనా మాటలు లేనిదే పెట్టుకోవాలి.

ఉదాహరణకు మూడు నుంచి ఆరు నెలల పాపకు టోపీ. డబుల్ నిట్ అనే మధ్యరకం లావు ఊలు, 8వ నంబరు సూదులు, అంటే 4 మిల్లీమీటర్లవి. పది సెంటీమీటర్లకు 22 కుట్లు వచ్చే చేతికి 80 కుట్లు, అంచులు కలిపి కుట్టడానికి ఇంకో 2, మొత్తం 82. పట్టీ 12 వరసలు, ఆపైన సాదా 22 వరసలు. నిమిషానికి ముప్ఫై కుట్లు వేసే చేతికి ఈ 34 వరసలు సుమారు గంటన్నర పని, అదంతా పుస్తకంతో సాగిపోతుంది. తర్వాత నడినెత్తి దగ్గర ఎనిమిది కుట్లు వేసి రెండు కలపడం, తర్వాతి నిట్ వరసలో ఏడు వేసి రెండు కలపడం, ఇలా దిగాలి. ఆ అరగంట ఫోను పక్కన పెట్టండి. అక్కడ ఒక్క కుట్టు తప్పితే కలిపిన కుట్ల గీత పక్కకు పోతుంది, టోపీ తొడిగినప్పుడు అది ముందే కనబడుతుంది.

వింటూ వేసేవాటికి కూడా ఓ కాపలా కావాలి. ప్రతి 20 కుట్లకొకసారి వేరే రంగు దారంతో చిన్న ఉచ్చు కట్టి సూదికి ఎక్కించండి. పది వరసలకోసారి ఉచ్చుల మధ్య 20 ఉన్నాయో లేదో చూస్తే చాలు, ఎక్కడ పోయిందో వెంటనే దొరుకుతుంది. లేసైతే ఒక డిజైను పూర్తయిన ప్రతిసారీ మొద్దు సూదితో నున్నటి నూలు దారాన్ని ఆ వరస కుట్లన్నిటిలోంచి దూర్చి వదిలేయండి. తప్పు జరిగితే అక్కడిదాకే విప్పొచ్చు. దీనికి బద్ధకించినవాళ్లు మూడు రోజుల పనిని ఒక్క సాయంత్రం విప్పుకోవాల్సి వస్తుంది.

కుట్టు జారిపోయిందని గమనించగానే లాగకండి. జారిన కుట్టు కింద బొటనవేలితో నొక్కిపట్టి, పిన్నీసుకు ఎక్కించండి. నిట్ వైపు మీకు ఎదురుగా తిప్పుకోండి. జారినచోట నిచ్చెన మెట్లలా అడ్డదారాలు కనిపిస్తాయి. 3.5 మిల్లీమీటర్ల క్రోషే సూదిని ముందు నుంచి కుట్టులో దూర్చి, అన్నిటికన్నా కిందున్న అడ్డదారాన్ని పట్టి ముందుకు లాగండి. ఒక మెట్టు ఎక్కినట్టు. అలా పై వరస దాకా ఎక్కి, చివరి ఉచ్చును ఎడమ సూదికి తొడగండి. కుట్టు కుడికాలు సూదికి ముందు ఉండాలి. వెనక్కి పడితే ఆ కుట్టు మెలిక తిరుగుతుంది.

ఒకే సూదులు, ఒకే ఊలు, అయినా వెడల్పు మారుతోంది

రెండు కారణాలు చూడండి. ఒకటి కథ. ఉత్కంఠ పెరిగే ఘట్టంలో చేతులు తెలియకుండానే దారాన్ని బిగిస్తాయి. రెండోది నడక. బీచ్ రోడ్డులో అరగంట చేతులు వేలాడేసి నడిచి వస్తే వేళ్లు కాస్త ఉబ్బుతాయి, ఉంగరం బిగుతుగా తగులుతుంది. అప్పుడే సూదులు పడితే పట్టు మారుతుంది. ఇరవై నిమిషాలు ఆగి, చేతులు చల్లటి నీళ్లతో కడుక్కుని, తుడుచుకుని మొదలుపెట్టండి. స్కేలుతో 20 కుట్ల వెడల్పు కొలవండి. 9 సెంటీమీటర్లు ఉండాల్సింది 8 వస్తోందంటే ఆ భాగానికి తెలిసిన కథ, రెండోసారి వినే పుస్తకం పెట్టుకోండి.

కుట్లు సూది మీద జరగడం లేదు, కిర్రుమంటున్నాయి

ఇది విశాఖలో వేసవి మొదలై వానలు వెళ్లేదాకా తప్పదు. గాలిలో తేమ, అరచేతిలో చెమట. అక్రిలిక్ ఊలు చెమటను పీల్చదు, ప్లాస్టిక్ సూదులకు అంటుకుపోతుంది. అల్యూమినియం సూదుల మీద కాస్త నయం. పౌడరు రాసుకోవద్దు, ఊలు మీద తెల్లటి చారలు పడతాయి. ఒళ్లో పాత నూలు తువ్వాలు ఉంచుకుని రెండు వరసలకోసారి చేతులు తుడుచుకోవడమే మంచిది. ఫ్యాను కింద కూర్చున్నప్పుడు ఊలు ఉండను గిన్నెలోనో మూతి ఉన్న సంచిలోనో పెట్టండి, లేకపోతే దొర్లి చిక్కుపడుతుంది.

ఎండాకాలానికి నూలు దారం, 10వ నంబరు అంటే 3.25 మిల్లీమీటర్ల సూదులు బాగుంటాయి. అయితే నూలు సాగదు. సాగని దారం చేతికి ఎక్కువ శ్రమ పెడుతుంది, కాబట్టి ఊలుతో అరగంట అల్లేవారు నూలుతో ఇరవై నిమిషాలకే ఆగాలి. నమూనా ముక్కను ఉతికి ఆరేశాకే కొలవండి. ఉతికితే నూలు కొలత మారుతుంది.

సముద్రానికి దగ్గరలో, లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఇళ్లలో స్టీలు సూదులకు తుప్పు చుక్కలు త్వరగా వస్తాయి. తెల్ల ఊలు మీద ఆ మరక పోదు. వాడాక పొడిగుడ్డతో తుడిచి, మైనం కాగితంతో ఒకసారి రుద్ది పెట్టండి.

మణికట్టు నొప్పి, వేళ్ల తిమ్మిరి

దీన్ని అశ్రద్ధ చేయొద్దు. ఏ వేలు అన్నది ముఖ్యం.

గిన్నె ఎత్తేటప్పుడు బొటనవేలి మొదట్లో పొడిచినట్టుంటే, ఆ వేలి కండర తాళ్లు వాచి ఉండొచ్చు. బొటనవేలిని పిడికిట్లో మూసి, మణికట్టును చిటికెనవేలి వైపు మెల్లగా వంచి చూడండి. అక్కడే నొప్పి పెరిగితే అనుమానం బలపడుతుంది. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే మణికట్టు లోపలి నరం మీద ఒత్తిడి. తిమ్మిరి చిటికెనవేలి వైపు ఉంటే లోపం మోచేతిలో చూడాలి, ఎందుకంటే అల్లేటప్పుడు మోచేయి గంటల తరబడి మడిచే ఉంటుంది, ఫోను పట్టుకున్నప్పుడూ అంతే.

కారణం సాధారణంగా అధ్యాయం. కథ మంచి పట్టులో ఉంటే గంటన్నర లేవరు. అందుకే ఆడియో యాప్‌లో నిద్ర కోసం పెట్టిన టైమర్‌ను పగటిపూట వాడుకోండి. 25 నిమిషాలకు పెట్టండి. గొంతు ఆగిందంటే సూదులు కింద పెట్టాలి. లేచి ఇంట్లో నాలుగైదు నిమిషాలు తిరగండి, పిడికిలి పదిసార్లు మూసి తెరవండి, మంచినీళ్లు తాగండి. మళ్లీ ప్లే నొక్కాలంటే ఫోను దగ్గరికి నడిచి వెళ్లాల్సి వచ్చేలా దాన్ని గదికి అవతల పెడితే ఇంకా మంచిది.

కూర్చున్నప్పుడు రెండు మోచేతుల కింద దిండ్లు, మణికట్టు నిటారుగా. పెద్ద దుప్పటి, స్వెటర్ వెనక భాగం లాంటివి పొడుగు సూదుల మీద వేస్తే బరువంతా మణికట్టు మోస్తుంది. రెండు కొనలనూ వైరు కలిపే 80 సెంటీమీటర్ల సర్క్యులర్ సూదికి మార్చండి, బరువు ఒళ్లోకి దిగుతుంది. నొప్పి తగ్గాక ముంజేతికి బలం రావడానికి అర లీటరు నీళ్ల సీసా చాలు. ముంజేయి బల్ల మీద, అరచేయి కిందికి, మణికట్టు బల్ల అంచు దాటి ఉండాలి. రెండో చేత్తో సాయం పట్టి సీసా పైకెత్తి, మూడు అంకెలు లెక్కపెడుతూ దించాలి. పన్నెండు సార్లు, రెండు విడతలు, రోజు విడిచి రోజు. ఇక్కడా లెక్క ఉంది కాబట్టి పుస్తకం వద్దు. తిమ్మిరి రెండు వారాలకు తగ్గకపోయినా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా ఎముకల డాక్టరుకు చూపించండి.

నడుస్తున్నాం గానీ వ్యాయామం అయినట్టు లేదు

కథ వింటూ నడిస్తే అడుగు నెమ్మదిస్తుంది. నడిచేవారికి అది తెలియదు, పక్కవాళ్లు దాటిపోతున్నప్పుడు గానీ తెలియదు. పరీక్ష సులువు. మాట్లాడగలగాలి, కానీ పాట పాడితే ఊపిరి అందకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు చెప్పేది ఈ స్థాయి శ్రమనే, దానితోపాటు వారానికి రెండు రోజులు కండరాల బలానికి. మొదటి పది నిమిషాలు ఏమీ వినకుండా వేగం అందుకుని, ఆ తర్వాత పుస్తకం మొదలుపెట్టండి.

అసలు నడకే మానేస్తున్నారా? అప్పుడు కట్టుబాటు వేరు. బాగా నచ్చిన పుస్తకం ఒకటి నడకకు మాత్రమే ఉంచండి, ఇంట్లో ముట్టొద్దు. వారానికి అయిదు రోజులు అరగంట చొప్పున పది గంటల పుస్తకం నాలుగు వారాల్లో అయిపోతుంది. నడకంతా వింటే అన్న లెక్క ఇది, మొదటి పది నిమిషాలు వదిలితే ఆరు వారాలు.

బీచ్ రోడ్డులో అలల హోరు, బస్సుల మోత మీద గొంతు వినబడాలని శబ్దం పెంచుకుంటూ పోతారు. చెవికి అది నష్టం. అరవై శాతం దాటకండి. ఆ శబ్దానికి వినబడకపోతే శివాజీ పార్కు, సెంట్రల్ పార్కు లాంటి చోట నడవండి. రోడ్డు పక్కన నడిచేటప్పుడు వాహనాల వైపు చెవి ఖాళీగా ఉండాలి. ఇసుకలో నడిచేవారు అలల అంచున ఇయర్‌ఫోన్లతో నిలబడొద్దు, ఆర్కే బీచ్‌లో నీటి లాగుడు మనుషుల్ని తీసుకుపోయింది. ఇక్కడ సూర్యోదయం మే చివర్లో అయిదున్నర లోపే, కాబట్టి వేసవిలో ఆరున్నరకల్లా ఇంటికి చేరేలా బయల్దేరాలి.

ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేయాలనుకుంటే 32 కిలోమీటర్లకు రెండు నెలల ముందే తయారవ్వాలి. వారానికొకసారి సుదీర్ఘ నడక పెట్టుకుని, ప్రతి వారం దానికి పదిహేను, ఇరవై నిమిషాలు కలుపుతూ పోవాలి. కొత్త చెప్పులు ఆ రోజు వద్దు.

మొదలుపెట్టినవి అయిదు, పూర్తయింది ఒక్కటీ లేదు

రెండు సంచులు పెట్టుకోండి. చెవి సంచిలో చూసి అల్లేది, కంటి సంచిలో లెక్కపెట్టి అల్లేది. ఒక్కో సంచిలో ఒక్కటే. మిగతావి విప్పి ఉండ చుట్టేయడమో, సూది సైజు రాసిన చీటీ కట్టి బీరువాలో పెట్టడమో చేయాలి. కంటి సంచి పగటి వెలుతురులోనే తీయండి. డిసెంబరులో అయిదున్నరకే చీకటి పడుతుంది, ట్యూబులైటు కింద నేవీ బ్లూ, నలుపు రంగు ఊలులో కుట్టు కనబడదు.

ఏం అల్లాలో కూడా ఆలోచించండి. విశాఖలో పెద్దవాళ్ల ఫుల్ స్వెటరుకు ఏడాదిలో కొన్ని రోజులే పని. అరకు, లంబసింగి ప్రయాణాలకు మఫ్లరు, పిల్లల టోపీలు, వంటింటికి నూలు గుడ్డలు త్వరగా పూర్తవుతాయి, రోజూ వాడుకలో ఉంటాయి.

రాత్రి వింటూ నిద్రపోతే పొద్దున ఎక్కడున్నామో తెలియదు

టైమర్ 15 నిమిషాలకు. పడుకునే ముందు అధ్యాయం నంబరు చీటీ మీద రాయండి. పక్క మీద సూదులు వద్దు.

తుఫాను రోజుల్లో అన్నీ ఆగిపోతున్నాయి

అక్టోబరు, నవంబరుల్లో ఇది మామూలే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. హెచ్చరిక రాగానే పుస్తకాలు డౌన్‌లోడ్ చేసుకోండి. కరెంటు పోయాక ఫోను చార్జింగు ముందు వార్తలకు, ఫోన్లకు, మిగిలితేనే కథకు. నడకకు బదులు వసారాలోనో హాల్లోనో పది నిమిషాల చొప్పున మూడుసార్లు తిరగండి, తడిసిన మెట్ల మీద మాత్రం వద్దు. అల్లికకు లేత రంగు, లావు ఊలు తీసుకుని అన్ని వరసలూ నిట్ వేసే గార్టర్ అల్లిక పెట్టుకోండి. గట్లు గట్లుగా వేళ్లకు తగులుతుంది, కొవ్వొత్తి వెలుగులో కూడా వరస తప్పదు.