రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌లో విచారణ ఖర్చు తగ్గాలంటే ముందు వాయిదాలు తగ్గించండి

ఖర్చు అనగానే జీతాలు, అద్దె, వాహనాల దగ్గర ఆగిపోకండి. ఆదిలాబాద్ నుంచి తెలంగాణ కమిషన్ ఉన్న హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. 2021లో ఆంధ్రప్రదేశ్ కమిషన్ ఆఫీసు కర్నూలుకు మారినప్పుడు శ్రీకాకుళం వాళ్లకి ఆ దూరం 800 దాకా అయింది. కూలి మానుకుని, అప్పు చేసి టికెట్టు కొనుక్కుని వచ్చిన తల్లికి "పోలీసుల రిపోర్టు రాలేదమ్మా, వచ్చే నెల రండి" అని చెప్పి పంపిస్తే ఆ రోజు ఖర్చంతా వృథా, ఆమెదీ, కమిషన్‌దీ, స్టేషన్ వదిలేసి వచ్చిన ఎస్సైదీ.

అందుకే రిపోర్టు చేతికి రాకుండా కేసుకి తేదీ వేయొద్దు. "నివేదిక పంపగలరు" అని ఒక్క లైను రాస్తే జవాబూ అంతే వస్తుంది. లాకప్ మరణమైతే ఎఫ్ఐఆర్, శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మేజిస్ట్రేటు విచారణ నివేదిక, స్టేషన్ జనరల్ డైరీ (స్టేషన్‌లో రోజూ జరిగేవి రాసే పుస్తకం) అని మొదటి నోటీసులోనే పేరుపేరునా అడగండి, సీసీ కెమెరా ఫుటేజీ మాత్రం అన్నిటికంటే ముందు అడగండి, ఆలస్యమైతే అది చెరిగిపోతుంది. గడువు దాటితే 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం 17వ సెక్షన్ కింద కమిషన్ సొంతంగా విచారణ మొదలుపెట్టొచ్చు. ఆ మాట నోటీసులోనే రాయండి, ఊరికే బెదిరింపులా కాకుండా నిజంగా మొదలుపెట్టండి.

ఏడాది దాటిన ఘటనలు, ఇంకో కమిషన్‌లో నడుస్తున్నవి అదే చట్టం 36వ సెక్షన్ ప్రకారం తీసుకోలేరు. ఈ వడపోత కేసు వినే బెంచి దాకా రాకముందే, ఫిర్యాదులు తీసుకునే రిజిస్ట్రీలో అయిపోవాలి. తిప్పి పంపేటప్పుడు ఎక్కడికి వెళ్లాలో తెలుగులో రాసి ఇవ్వండి.

కమిషన్ ఎక్కడ కూర్చోవాలన్నది 10వ సెక్షన్ ప్రకారం చైర్‌పర్సన్ ఇష్టం, దానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఒకే జిల్లా కేసులన్నీ ఒకచోట చేర్చి, కలెక్టరేట్ హాల్లో రెండు రోజులు క్యాంపు పెడితే ముగ్గురు నలుగురు వెళ్లొస్తారు, వంద మంది రాజధానికి రావాల్సిన పని తప్పుతుంది. చిన్న విచారణలకి వీడియో చాలు, కానీ బాధితులని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు నుంచి మాట్లాడించండి, పొరపాటున కూడా పోలీస్ స్టేషన్ నుంచి వద్దు. డాక్టర్లు, గుమాస్తాల వాంగ్మూలం అఫిడవిట్‌గా, అంటే ప్రమాణం చేసి రాసిచ్చిన పత్రంగా తీసుకోవడానికి 13వ సెక్షన్ వీలిస్తుంది.

కస్టడీలో దెబ్బలు తిన్న మనిషిని మాత్రం ఎదురుగా కూర్చోబెట్టుకునే వినండి. ఆ భయం స్క్రీన్ మీద కనిపించదు. గోండి, కోయ మాట్లాడేవాళ్లకి దుబాసీ ఖర్చూ కోయొద్దు, అర్థం కాని విచారణ మళ్లీ మొదటినుంచి చేయాల్సొస్తుంది.

ప్రతి ఫైలు అట్ట మీద వాయిదా ఎందుకు పడింది, ఎవరి వల్ల పడింది అని రెండు గడులు గీసి, నెలాఖరున వాటిని లెక్కపెట్టండి. ఒకే శాఖ పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తే ఆ శాఖ కార్యదర్శికే నేరుగా ఉత్తరం రాయండి.