వెనక ఆర్మ్ బుష్‌లు మార్చుకోవడం: చివరి బిగింపు నేల మీదే

స్పీడ్‌బ్రేకర్ దిగగానే డిక్కీ కింద టక్‌మని చప్పుడు. వారధి మీద లేన్ మారితే బండి వెనక భాగం ఒక క్షణం ఆలస్యంగా కదిలినట్టు అనిపించడం. వెనక టైర్లు బయటివైపు కొత్తగానే ఉన్నా లోపలి అంచు గుండైపోవడం. ఈ మూడూ కలిసి వస్తే మనవాళ్ళు మొదట షాక్ అబ్జార్బర్లు మార్పించేస్తారు. డబ్బులు పోతాయి, చప్పుడు మాత్రం ఉంటుంది. షాక్‌ల దాకా వెళ్ళే ముందు బుష్‌లు చూడండి, అంటే చక్రాన్ని బాడీకి పట్టి ఉంచే ఇనుప ఆర్మ్‌ల చివర్లో ఉండే రబ్బరు కీళ్ళు.

అసలు మీ బండికి వెనక ఆర్మ్‌లు ఉన్నాయో లేదో వంగి చూసుకోండి. స్విఫ్ట్, ఐ20 లాంటి వాటికి వెనక రెండు చక్రాలనూ కలిపే ఒకే బీమ్ ఉంటుంది. దానికి పక్కకో పెద్ద బుష్, అంతే. ఇన్నోవా క్రిస్టాకు గట్టి యాక్సిల్, దాన్ని పట్టుకునే లింకులు. నాది విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఉండే 2010 మోడల్ హోండా సివిక్. దీనికి వెనక ఒక్కో చక్రం విడివిడిగా ఆడుతుంది: ముందుకు చాచిన ట్రెయిలింగ్ ఆర్మ్, పైన ఒకటి, కింద అడ్డంగా ఇంకొన్ని. ఇక్కడ చెప్పేది ఇలాంటి బళ్ళ గురించే.

బుష్ పోయిందని తేల్చుకోవడానికి టార్చి, పొడుగాటి రాడ్ చాలు. రబ్బరు పైపైన పగుళ్ళు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, మన ఎండలకు ఏ రబ్బరైనా అలాగే అవుతుంది. రాడ్ పెట్టి ఆర్మ్‌ను మెల్లగా ఎత్తి చూడండి. రబ్బరు ఇనుప గొట్టం నుంచి విడిపోయి సందు కనబడితే, లేదా మధ్యలో ఉండాల్సిన గొట్టం ఒక పక్కకు జారిపోతే మార్చాల్సిందే.

ఆర్మ్ మొత్తం కొనాలా, బుష్ ఒక్కటే కొనాలా? సన్నగా ఉండే పై ఆర్మ్, అడ్డ ఆర్మ్‌లయితే నేను బుష్‌తో సహా కొత్తవే తీసుకుంటాను. పాత ఆర్మ్‌లో బుష్ కొట్టించే కూలీ, ఆ తిరుగుడు లెక్కేసుకుంటే పెద్దగా మిగిలేదేమీ ఉండదు. ట్రెయిలింగ్ ఆర్మ్ మాత్రం బరువైన సామాను, ఖరీదు కూడా. దానికి బుష్ ఒక్కటే మార్చడం సరైనది. ఆటోనగర్‌లో "ఒరిజినలా, లోకలా?" అని అడుగుతారు. బోల్టులు, నట్టులు ఏమైనా కొనండి గానీ బుష్ దగ్గర బేరం వద్దు. పాలీయురేథేన్ బుష్‌లు ఎక్కువ కాలం వస్తాయని కొందరు అంటగడతారు. ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్ నాలుగు దిక్కులకూ ఆడాలి, అక్కడ అంత గట్టి సరుకు పట్టేస్తుంది. ఇంటి బండికి రబ్బరే మేలు.

జాకీ పెట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. బండి సమతలం మీద, తన బరువు మీద తాను నిలబడి ఉండగా చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి కొలవండి. రెండు వైపులా కొలిచి రాసి పెట్టుకోండి. దీని అవసరం చివర్లో తెలుస్తుంది.

చాలా బళ్ళలో హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. వాటినే గాల్లోకి లేపుతున్నాం కాబట్టి అది ఉన్నా లేనట్టే. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు వేయండి, గేరులో పెట్టండి. రెండు స్టాండ్ల మీద బండి నిలబడ్డాక చేత్తో గట్టిగా ఊపి చూడనిదే కిందకు దూరకండి. ఒక్క జాకీని నమ్మి పని చేయడం నేను చేయను, మీరూ చేయొద్దు.

టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సర్దే క్యామ్ బోల్టు ఉన్నచోట, అది ఇప్పుడున్న స్థానాన్ని పెయింట్ గీతతో గుర్తు పెట్టుకోండి. ఏబీఎస్ వైరు, బ్రేక్ హోసు క్లిప్పులు విప్పేయండి. చక్రం బరువంతా హోసుకు వేలాడకూడదు. ఆర్మ్‌లన్నీ ఒకేసారి విప్పకండి. ఒకటి విప్పి, కొత్తది తగిలించి, ఆ తర్వాతే రెండోది. షాక్ కింది భాగం పట్టుకున్న ఆర్మ్ అయితే బోల్టు లాగే ముందు దాని కింద జాకీ ఆసరా ఉండాలి, లేకపోతే స్ప్రింగు బలానికి ఒక్కసారిగా కిందకు కొడుతుంది.

ఇక అసలు గొడవ తుప్పు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు నీళ్ళలో నిలబడిపోయిన బళ్ళయితే చెప్పనక్కర్లేదు. నట్టు ఊడుతుంది, బోల్టు మాత్రం బుష్ లోపలి గొట్టానికి అతుక్కుపోయి బయటకు రాదు. తుప్పు వదిలించే స్ప్రే ముందురోజు రాత్రే కొట్టి ఉంచండి. పానాకు పైపు తొడిగి ముందు బిగించే వైపు కొంచెం, తర్వాత విప్పే వైపు, ఇలా అటూ ఇటూ కదపండి. ఎంతకీ రాకపోతే గొట్టానికీ బ్రాకెట్‌కీ మధ్య సందులో బ్లేడు పెట్టి బోల్టునే కోసేయాలి. గ్యాస్ మంటతో వేడి చేద్దామనే సలహా తప్పకుండా వస్తుంది. వెనక సీటు కింద పెట్రోలు ట్యాంకు ఉందని గుర్తు చేసి, వద్దనండి.

ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్‌ను సుత్తితో కొట్టించకండి. ఆటోనగర్‌లో ప్రెస్ ఉన్న లేత్ షాపుకు పట్టుకెళ్ళండి. పాత బుష్ రబ్బరులో ఖాళీలు ఏ దిక్కుకు ఉన్నాయో చూసి, ఆర్మ్ మీద పంచ్‌తో గుర్తు కొట్టి మరీ ఇవ్వండి. కొత్తదీ అదే దిక్కుకు కూర్చోవాలి. నొక్కేది బయటి ఇనుప గొట్టం మీదే, రబ్బరు మీద కాదు. రబ్బరుకు ఇంజన్ ఆయిల్ రాయబోతే ఆపి, సబ్బునీళ్ళు ఇవ్వండి.

అన్నీ తగిలించాక బోల్టులు చేత్తో ఎక్కించి, కదలకుండా ఉండేంత మాత్రం బిగించండి. అక్కడ ఆగాలి. చాలా షాపుల్లో చక్రాలు గాల్లో వేలాడుతుండగానే గన్ పెట్టి లాగించేస్తారు. అడిగితే, "గాల్లో టైట్ చేస్తే ఏమవుద్దండీ, ఎప్పట్నుంచో ఇట్టాగే చేస్తన్నాం" అంటారు. ఏమవుతుందంటే, ఈ బుష్‌లో ఏదీ జారదు, తిరగదు. బయటి గొట్టం ఆర్మ్‌ను, లోపలి గొట్టం బోల్టు ద్వారా బాడీని పట్టుకుని ఉంటాయి, మధ్యలో రెంటికీ అతికిన రబ్బరు. ఆర్మ్ కదిలినప్పుడల్లా ఆ రబ్బరే మెలి తిరుగుతుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరుకు అదే విశ్రాంతి స్థితి. బండి నేలకు దిగగానే అది తడి బట్టను పిండినట్టు మెలిపడి, పార్కింగ్‌లో ఉన్నా అలాగే ఉండిపోతుంది. దాని మీద మళ్ళీ ప్రతి గోతికీ ఇంకాస్త మెలిక. ఒరిజినల్ బుష్ కూడా తొందరగా చిరిగేది ఇందుకే, తిట్లు మాత్రం బుష్ అమ్మినవాడికి.

అందుకే ఆ టేపు కొలత. చక్రం దగ్గర నకల్ (చక్రాన్ని మోసే ఇనుప భాగం) కింద జాకీ పెట్టి, కొలత మొదట రాసుకున్న అంకెకు వచ్చేదాకా మెల్లగా లేపండి. బాడీ స్టాండు మీద నుంచి లేవబోతోందేమో చూస్తుండండి. లేస్తుంటే ఆపేయండి. ఇంతకంటే తేలికైన దారి అలైన్‌మెంట్ షాపు. అక్కడ లిఫ్టు మీద బండి తన టైర్ల మీదే నిలబడి ఉంటుంది, కిందకు చేయి పోతుంది. దగ్గర్లో షాపుంటే నట్టులు ఓ మోస్తరుగా బిగించి, మెల్లగా అక్కడిదాకా నడిపి, అలైన్‌మెంట్ మొదలుపెట్టక ముందే టార్క్ రెంచ్‌తో పూర్తి చేయించుకుంటాను. ఆర్మ్ బోల్టుల టార్క్ మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. సివిక్ వీల్ నట్టులకు మాత్రం 108 న్యూటన్ మీటర్లు. లాక్ నట్టులు పాతవి మళ్ళీ వాడకండి.

అలైన్‌మెంట్‌లో వెనక టో ముందు సర్దించి, ఆ తర్వాతే ముందు చక్రాలు పట్టుకోమనండి. ఫ్యాక్టరీ సివిక్‌కు వెనక క్యాంబర్ (చక్రం నిలువుగా లేక పక్కకు వాలే కోణం) సర్దే వీలు లేదు. కొత్త బుష్‌లు వేశాక కూడా ఆ అంకె పరిధి దాటి ఉంటే ఏదో ఆర్మ్ వంగిందనుకోవాలి. ఇంకో సంగతి, లోపలివైపు అరిగిన పాత టైర్లు హోరుమనడం మానవు. ఆ శబ్దం విని బుష్ పని చెడిందనుకుని మళ్ళీ విప్పకండి, టైర్లు మార్చాకే అది పోతుంది.