పునాది కింద పందికొక్కు చేరితే
పునాది వెంట తవ్విపోసిన మట్టి కుప్పలు, వంటగది తూము పక్కన పిడికిలి పట్టేంత కన్నం కనిపిస్తే అది పందికొక్కు పనేనని అనుకోవచ్చు. ఇంటి చుట్టూ ఉన్న కన్నాలన్నిటినీ సాయంత్రం వదులు మట్టితో పూడ్చి, తెల్లవారాక ఏది మళ్లీ తెరుచుకుందో చూడాలి. అది రాత్రిపూట తిరిగే జంతువు కనుక, తెరుచుకున్న కన్నమే ప్రస్తుతం వాడుకలో ఉన్న దారి. చిన్న ఎలుకల బోను దానికి చాలదు. గట్టి ఇనుప బోనులో ఎండుచేప ముక్కో మసాలా వడో కట్టి, కన్నం దగ్గర గోడకు ఆనించి పెట్టాలి. విషం పెట్టడం నాకు సమ్మతం కాదు: అది నేల కింద చస్తే ఆ కంపు ఒక పట్టాన వదలదు, పైగా పెంపుడు జంతువులకూ ప్రమాదం. కన్నంలో చెయ్యి మాత్రం పెట్టకూడదు, ఎందుకంటే ఎలుకలు, పందికొక్కులు తవ్విన బొరియల్లో నాగుపాము చేరడం మామూలే. పాము జాడ కనిపిస్తే పని ఆపి అటవీశాఖకు గానీ, పాములు పట్టడంలో శిక్షణ ఉన్నవారికి గానీ కబురు చేయాలి. పందికొక్కు మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు సోకవచ్చు కాబట్టి బోనును రబ్బరు తొడుగులతోనే ముట్టుకోవాలి. లోపల ఏదీ మిగలలేదని మళ్లీ వదులు మట్టితోనే పరీక్షించి నిర్ధారించుకున్నాక, కన్నంలో గాజుపెంకులు, కంకర కూరి సిమెంటుతో మూసి, తూముకు ఇనుప జాలీ బిగించాలి.