హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు? ఇలా లెక్కగట్టండి

శంషాబాద్‌లో ఉదయం 10:00కి బయలుదేరి, 12:30కి దుబాయ్ చేరుతుందని టికెట్‌లో ఉందనుకోండి. రెండున్నర గంటల ప్రయాణమే అనిపిస్తుంది. నిజానికి అది నాలుగు గంటలు. కరీంనగర్, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు వెళ్లినవారు లేని ఊరు అరుదు. ఈ లెక్క తెలిస్తే, పన్నెండున్నర దాటినా ఫోను రాలేదని ఇంట్లోవాళ్లు కంగారుపడనక్కర్లేదు.

1. దూరం కొలవండి

రోడ్డు దారి ఇక్కడ పనికిరాదు. కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, శంషాబాద్ విమానాశ్రయం మీద మౌస్ కుడి బటన్ నొక్కి, దూరం కొలిచే సదుపాయాన్ని ఎంచుకోండి. తర్వాత దుబాయ్ విమానాశ్రయం మీద నొక్కండి. సుమారు 2,550 కిలోమీటర్లు వస్తుంది.

ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని రెండు ఊళ్ల మధ్య బిగించి చూడండి. దారం పడిన చోటే అతి దగ్గరి దారి. హైదరాబాద్ నుంచి చికాగోకు ఇలా పెడితే అది ఉత్తర ధ్రువం వైపు ఎగబాకుతుంది. గోడకు వేలాడే పటంలో ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. అందుకే ఈ దారం లెక్క పిల్లలతో తప్పక చేయించాలంటాను.

2. దూరాన్ని గంటల్లోకి మార్చండి

పెద్ద జెట్ విమానం పైకి చేరాక గంటకు దాదాపు 850 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. 2,550ని 850తో భాగిస్తే మూడు గంటలు. దానికి మరో 30–40 నిమిషాలు కలపండి. టికెట్‌లోని సమయం విమానం గాల్లోకి లేచినప్పుడు కాదు, గేటు నుంచి కదిలినప్పుడే మొదలవుతుంది. అవతల గేటు దగ్గర ఆగేదాకా నడుస్తుంది.

3. గాలిని చూడండి

ఆ ఎత్తులో గాలి, ముఖ్యంగా చలికాలంలో, పడమర నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది. దుబాయ్ వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోసే గాలి. కాబట్టి పోవడానికి నాలుగు గంటలు, రావడానికి మూడున్నర వేసుకోండి. గగనతలం మూతపడితే లెక్క మారుతుంది. 2019లో, మళ్లీ 2025లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసేసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటి దేశాలకు వెళ్లే మన విమానాలు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది.

4. రెండు గడియారాలనూ ఒకటి చేయండి

అందరూ తడబడేది ఇక్కడే. దుబాయ్ సమయం మనకన్నా గంటన్నర వెనక. దుబాయ్‌లో 12:30 అంటే మన దగ్గర 2:00. పది నుంచి రెండు, నాలుగు గంటలు. తిరుగు ప్రయాణంలో రాత్రి 10:00కి దుబాయ్‌లో బయలుదేరితే మన గడియారంలో అప్పటికే 11:30. తెల్లవారుజామున 3:00కి దిగితే మూడున్నర గంటలు. దుబాయ్‌కి ఈ తేడా ఏడాది పొడవునా ఒకటే. చికాగోకైతే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర.

5. తేదీ సరిచూసుకోండి

గల్ఫ్ విమానాలు చాలావరకు రాత్రివేళ ఉంటాయి. టికెట్‌లో 15వ తేదీ 00:40 అని ఉంటే, 14వ తేదీ రాత్రి పదింటికల్లా మీరు శంషాబాద్‌లో ఉండాలి. 15వ తేదీ రాత్రి బయలుదేరితే విమానం వెళ్లిపోయి దాదాపు రోజు గడిచినట్టే. జగిత్యాల నుంచి కారులో రావాలంటే 14 సాయంత్రమే ఇల్లు వదలండి.