పాత డీజిల్ పికప్‌లో థ్రాటిల్ సెన్సార్‌ను సరిచేయడం ఎలా?

పాత డీజిల్ ఇంజనుకు సాధారణంగా గాలిని అడ్డుకునే థ్రాటిల్ రెక్క ఉండదు కదా, మరి థ్రాటిల్ సెన్సార్ ఎందుకు? అది ఉన్నది ఇంజను కోసం కాదు, గేర్‌బాక్సు కోసం. అమెరికాలో 1989 నుంచి 1994 మొదటి భాగం వరకు అమ్మిన 7.3 లీటర్ల డీజిల్ ఫోర్డ్ ఎఫ్-250, ఎఫ్-350 పికప్‌లనే తీసుకుందాం. వాటిలో ఇంజనుకు డీజిల్ అందించేది పూర్తిగా యాంత్రికమైన స్టానడైన్ కంపెనీ పంపు. ఇ4ఓడి అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సును మాత్రం కంప్యూటర్ నడుపుతుంది. డ్రైవరు యాక్సిలరేటర్ ఎంత తొక్కాడో ఆ కంప్యూటర్‌కు చెప్పేది పంపు లీవరు ఇరుసుకు బిగించిన ఈ చిన్న సెన్సార్.

గేరు ఎప్పుడు మార్చాలన్నదే కాదు, లోపలి క్లచ్‌లను ఎంత ఒత్తిడితో పట్టి ఉంచాలన్నదీ కంప్యూటర్ ఈ కబురును బట్టే నిర్ణయిస్తుంది. సెన్సార్ ఆ కబురును వోల్టేజి రూపంలో పంపుతుంది. వోల్టేజి ఎక్కువగా చూపితే గేర్లు ఆలస్యంగా, కుదుపుతో మారతాయి. తక్కువగా చూపితే తొందరగా, మెత్తగా మారతాయి. ఆ మెత్తదనం చూసి మురిసిపోకండి. బండి నిండా బరువుతో ఎత్తు ఎక్కుతుంటే, తేలికపాటి పని జరుగుతోందనుకుని కంప్యూటర్ ఒత్తిడి తగ్గిస్తుంది. క్లచ్‌లు జారి మాడిపోతాయి. నేను చూసిన ఒక బండికి ఎవరో ఇలాగే సెన్సార్‌ను కిందికి తిప్పి పెట్టారు. యజమాని చాలా సంతోషంగా ఉన్నాడు. గేర్‌బాక్సు ఆయిలు గేజి కడ్డీ తీసి తెల్ల గుడ్డకు తుడిస్తే, ఎర్రగా ఉండవలసిన ఆయిలు మాడిన వాసనతో ముదురు గోధుమ రంగు మరక వేసింది. అందుకే మీటరు లేకుండా, చెవితో విని, నడిపి చూసి ఈ సెన్సార్‌ను తిప్పడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

కావలసినవి: ఒక మల్టీమీటరు, రెండు సన్నని గుండుసూదులు, స్క్రూలకు సరిపోయే పనిముట్టు, తోడుగా ఒక మనిషి. ముల్లున్న పాతరకం మీటరు దొరికితే మరీ మంచిది. కారణం తర్వాత చెబుతాను.

ముందు బండిని కాసేపు నడిపి ఇంజను బాగా వేడెక్కనివ్వండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఒక సొలెనాయిడ్ (కరెంటుతో కదిలే చిన్న కడ్డీ) పంపు లీవరును కాస్త ముందుకు నెట్టి ఉంచుతుంది. అప్పుడు తీసుకున్న రీడింగు తప్పుతుంది. ఐడిలింగ్ వేగం (పెడల్ తొక్కకుండా ఇంజను తిరిగే వేగం) బానెట్ కింద స్టిక్కరు మీద ఉన్నట్లు ఉందో లేదో ఇప్పుడే చూసి, తేడా ఉంటే సరిచేయండి. ఐడిలింగ్ స్క్రూ తిప్పితే లీవరు జరుగుతుంది, దాంతో సెన్సార్ రీడింగూ మారుతుంది. ఈ వరుస తప్పితే చేసిన పని మళ్లీ చేయాలి.

ఇంజను ఆపి, గేరు పార్కులో పెట్టి, పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. పంపు ఇంజను పైభాగంలో ముందువైపు ఉంటుంది. అది కనిపించాలంటే ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీయాలి. తీసిన వెంటనే ఆ రంధ్రాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా మూయండి. అడ్డుగా రెక్క లేదు కాబట్టి, చేయిజారిన నట్టు నేరుగా ఇంజనులోకి పోతుంది. ఇంజను తిరిగి స్టార్టు చేసే ముందు ఆ గుడ్డ తీయడం అంతే ముఖ్యం.

తోడున్న మనిషిని పెడల్ పూర్తిగా తొక్కమనండి. లీవరు చివరి ఆపుడు (దాన్ని ఆపే అడ్డు) దాకా వెళ్లాలి, వదలగానే ఐడిలింగ్ ఆపుడుకు ఠక్కున తిరిగి రావాలి. కేబుల్ సాగినా, స్ప్రింగు అలసినా, పెడల్ కింద కార్పెట్ మడతపడినా ముందు దాని సంగతి చూడండి.

సెన్సార్‌కు మూడు వైర్లుంటాయి. కనెక్టరును ఊడదీయకుండా, వెనకవైపు నుంచి వైరు పక్కన గుండుసూది దూర్చండి. వైరు తొడుగును మాత్రం పొడవకండి, ఆ రంధ్రంలోంచి తేమ చేరి లోపలి రాగి పచ్చబడుతుంది. ఇంజను స్టార్టు చేయకుండా తాళం ఆన్ చేసి కొలవండి. ఒక వైరులో సుమారు 5 వోల్టులుంటాయి. ఒకటి ఎర్తు, అక్కడ దాదాపు సున్నా ఉండాలి. సున్నా కాకుండా వోల్టులో పదో వంతు దాటి చూపితే, సెన్సార్ జోలికి వెళ్లకుండా ఎర్తు బిగింపులు శుభ్రం చేయండి. మిగిలినది సిగ్నల్ వైరు.

ఇప్పుడు మీటరును సిగ్నల్ వైరుకు పెట్టి, లీవరును చేత్తో చాలా నెమ్మదిగా, గడియారం ముల్లు నడిచినంత నిదానంగా, చివరిదాకా తిప్పండి. వోల్టేజి ఎక్కడా తడబడకుండా పెరగాలి. పాత రేడియో వాల్యూమ్ మర తిప్పినప్పుడు ఒకచోట గరగరమనేది గుర్తుందా? ఈ సెన్సార్ లోపల ఉన్నదీ అలాంటి మరే. ఏళ్ల తరబడి లీవరు ఎక్కువగా ఉండే చోట, అంటే ఐడిలింగ్ నుంచి కొద్దిగా పైన, లోపలి పూత అరిగిపోతుంది. అక్కడ మీటరు ముల్లు ఒక్క క్షణం కిందికి దూకి మళ్లీ లేస్తుంది. అంకెల మీటరు ఆ క్షణాన్ని తరచూ పట్టుకోలేదు. ముల్లు దూకిందంటే కొత్త సెన్సార్ కొనవలసిందే, ఎంత తిప్పినా అరిగిన చోటు బాగుపడదు.

ముల్లు సాఫీగా నడిస్తేనే సర్దుబాటు. ఇలాంటి 5 వోల్టుల సెన్సార్లు ఐడిలింగ్‌లో సున్నా దగ్గర, పూర్తిగా తొక్కినప్పుడు 5 దగ్గర ఉండవు. రెండు కొసలా కొంత ఖాళీ వదులుతారు, వైరు తెగినా అతుక్కున్నా కంప్యూటర్ గుర్తుపట్టడానికి. ఐడిలింగ్‌లో 1 వోల్టు దరిదాపుల్లో, చివర 4 వోల్టుల దరిదాపుల్లో ఉంటే దారిలో ఉన్నట్లే. కచ్చితమైన అంకె, లీవరును ఏ స్థానంలో ఉంచి కొలవాలన్నది మీ సంవత్సరపు సర్వీసు పుస్తకంలో చూసుకోండి. లీవరుకూ ఆపుడుకూ మధ్య కొలత దిమ్మె పెట్టమంటే తప్పక పెట్టండి.

రెండు స్క్రూలను పూర్తిగా విప్పకుండా, సెన్సార్ కాస్త బిగువుగా కదిలేంత వదులు చేయండి. మీటరు చూస్తూ వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. అంకె కుదిరాక స్క్రూలను మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించండి. బిగింపులో సెన్సార్ జరుగుతుంది, రెండు మూడుసార్లు చేయవలసి రావడం మామూలే. చివరగా పెడల్ పదిసార్లు తొక్కించి, వదిలిన ప్రతిసారీ అదే అంకెకు వస్తోందా చూడండి.

ఫిల్టర్ డబ్బా బిగించి, ఖాళీ బండితో ఒకసారి, బరువుతో ఒకసారి నడపండి. తేలికగా తొక్కితే గేర్లు తొందరగా, గట్టిగా తొక్కితే ఆలస్యంగా, గట్టి పట్టుతో మారాలి. ఇంకా తడబడుతుంటే, లేదా ఓవర్‌డ్రైవ్ (అన్నిటికన్నా పై గేరు) దీపం మిణుకుమంటుంటే, సెన్సార్‌ను మళ్లీ కదపకండి. వేగం చెప్పే సెన్సార్, ఇంజను తిరుగుళ్లు చెప్పే సెన్సార్, వాటి వైర్లు చూడండి.